శుక్రవారం చెప్పిన పేర్లు

ఆయన మీకు బంధువు కదా, ఓ గంట బయట కూర్చోండి, అవసరమైతే పిలుస్తాం, అన్నాడు ఛైర్మన్ తలుపు మీద చెయ్యి పెట్టి, నన్ను నెట్టకుండానే నెడుతూ. సరే అన్నాను. ముప్పై ఏళ్లుగా తాళ్లూ టార్పాలిన్లూ అమ్ముతున్నవాణ్ణి, ఎక్కడ సరే అనాలో తెలుసు. ఈ బోర్డులో ఉన్న ఏడుగురిలో నేనొకణ్ణి, అయినా ఇవాళ నా చోటు వరండాలో ఈ చెక్క బెంచీ మీద. తలుపుకి మసక అద్దం. లోపల టేబులుకి ఆ వైపు ఆరు నీడలు, ఈ వైపు ఒక్క నీడ. ఆ ఒక్కటీ నిటారుగా ఉంది. కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చోవడం బావకి అలవాటు. బావ అంటే మా అక్క మొగుడు, ఈ క్లబ్బు ఫుట్‌బాల్ జట్టుకి పందొమ్మిదేళ్లుగా మేనేజర్. మేనేజర్ అంటే బయటివాళ్లు కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టేవాడనుకుంటారు. ఇక్కడ మేనేజర్ అంటే జట్టుని తయారుచేసేవాడు, ఎవరు ఆడాలో ఎవరు పక్కన కూర్చోవాలో తేల్చేవాడు, ఓడితే తిట్లు తినేవాడు. గెలిస్తే కప్పు ఛైర్మన్ పట్టుకుంటాడు. టేబులు మీద ఒక కాగితం ఉంది, మా బోర్డులోనే ఉన్న ప్లీడరు రాసినది, లోపలికి వెళ్లినప్పుడు తలకిందులుగానే చదివేశాను. బోర్డుకి శుక్రవారం ఒక జాబితా ఇచ్చి, శనివారం ఇంకో జాబితాతో జట్టుని దించి, బోర్డుని మోసం చేసినందుకు తొలగిస్తున్నాం, అని. ఉద్యోగం పోవడం వేరు. అది ఇవాళ కాకపోతే రేపు ఎవరికైనా పోయేదే. మోసం అన్న మాట రికార్డులో పడితే మాత్రం పందొమ్మిదేళ్లూ ఆ ఒక్క మాట కిందికి పోతాయి. బావ ఆ శుక్రవారం ఏ జాబితా ఇవ్వలేదని ఆయన కాక ఈ ఊళ్లో తెలిసింది ఒక్కరికే. ఆ ఒక్కడూ ఇక్కడ బెంచీ మీద కూర్చుని, కాలి మీద కాలు వేసుకుంటే మర్యాదగా ఉంటుందా ఉండదా అని ఆలోచిస్తున్నాడు.

కింద మైదానంలో గడ్డి కోసే యంత్రం తిరుగుతోంది. ఆ వాసన మెట్లెక్కి వరండాలోకి వస్తోంది. పచ్చి గడ్డి వాసన వచ్చినప్పుడల్లా నాకు దుకాణంలో కొత్త తాడు చుట్ట విప్పిన వాసన గుర్తుకొస్తుంది. రెండూ ఒకటి కావు, కానీ నా ముక్కుకి రెండూ బావే. మొదటిసారి ఆయన్ని చూసింది మా దుకాణంలోనే. అప్పటికి నాకు మీసం సరిగ్గా రాలేదు, దుకాణం నాన్నది. గోలు స్తంభాలకి కట్టే వల కావాలని వచ్చాడు. అప్పట్లో ఇదే జట్టులో ఆటగాడు, ఎడమ వైపు కాపలా. నాన్న వల తీసి నేల మీద పరిచాడు. ఈయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ముడినీ వేలితో లాగి చూడటం మొదలుపెట్టాడు. ఎన్ని వందల ముళ్లో. వీడు కొనేరకం కాదురా, పొద్దు పోక వచ్చాడు, అన్నాడు నాన్న నా చెవిలో. వెనక తాడు కొలుస్తున్న అక్క తలెత్తి, ఏమండీ, దీంతో చేపలు పడతారా, అంది. చేపలైతే ఒకటి జారిపోయినా నష్టం లేదండీ, బంతి జారిపోతే గోలే కాదంటారు, అన్నాడు బావ తలెత్తకుండా. అయితే పై మూల ముడి వదులుగా ఉంది, అది దాటేసి వచ్చారు మీరు, అంది అక్క. వెనక్కి వెళ్లి చూశాడు. వదులుగానే ఉంది. అప్పుడు తలెత్తాడు. ఆ రోజు మా దుకాణం నుంచి వల వెళ్లింది, ఆర్నెల్లకి అక్క వెళ్లింది. బేరం ఎవరికి గిట్టుబాటైందని నాన్న బతికున్నన్నాళ్లూ అడుగుతూనే ఉండేవాడు, అక్క వింటుండగా.

లోపల ఎవరో నీళ్లు తాగారు, గ్లాసు టేబులు మీద పెట్టిన చప్పుడు. ఒక నీడ ముందుకి వంగింది. ఛైర్మన్. ఆయన మాట్లాడేటప్పుడు వంగుతాడు, వినేటప్పుడు వెనక్కి వాలతాడు. ఎదురు గోడకి పాత జట్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. మూడోదానిలో బావకి జుట్టు దట్టంగా ఉంది. ఆ ఫొటో తీసిన రోజు పొద్దున్నే కుండపోత. మ్యాచ్ మధ్యాహ్నం. గోలు ముందు భాగమైనా ఎండుగా ఉంచాలని దుకాణంలో ఉన్న పెద్ద టార్పాలిన్లన్నీ బండి మీద వేసి తెచ్చాను. ఆరుగురం నాలుగు మూలలా పట్టుకుని, నీళ్లు నిండిన నేల మీద చెప్పుల్లేకుండా, గాలి లాగుతుంటే వెనక్కి లాగుతూ. ఒరేయ్ బావమరిదీ, మూల వదలకు, అని అరిచాడు బావ. వదలలేదు. అరచేతులు రెండూ కమిలిపోయి వారం పాటు అన్నం చెంచాతో తిన్నాను. మ్యాచ్ ఓడిపోయాం. అయినా ఎప్పుడైనా నిద్ర పట్టక నా బతుకులో నేను పోగేసుకున్నదేమిటని లెక్కేసుకుంటే, దుకాణం, రెండు గోడౌన్లు, పిల్లల చదువులు అని చెప్పుకుంటూ పోతాను, చివరికి ఎక్కడో ఆ పొద్దుటి దగ్గర ఆగిపోతాను. దాన్ని అమ్మడం కుదరదు, ఎవరికీ చూపించడం కుదరదు, అయినా నిల్వ ఉంది.

జాబితా సంగతి కూడా ఆ రోజులదే. బావ మేనేజర్ అయిన మొదటి ఏడు, ఎవరు ఆడుతున్నారో ముందురోజు ఇంట్లో అక్కకి చెప్పాడు. అక్క పక్కింటావిడతో అంది. ఆ పక్కింటావిడ మేనల్లుడే జట్టులోంచి తీసేసిన కుర్రాడు. ఆ సంగతి అతనికి వీధి కుళాయి దగ్గర, బిందెలు పట్టుకున్న నలుగురి మధ్య తెలిసింది. మర్నాడు మైదానానికి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఏదో గిడ్డంగిలో పనికి కుదిరాడని విన్నాం. బావ అతని ఇంటికి రెండుసార్లు వెళ్లాడు, తలుపు తీయలేదు. అప్పట్నుంచీ ఒకటే పద్ధతి. శనివారం పొద్దున పదింటికి, మా దుకాణంలో తాడు చుట్టలకి చుట్టే ముదురు గోధుమరంగు కాగితం ముక్క మీద, పదకొండు పేర్లు సొంత చేత్తో రాసి, బట్టలు మార్చుకునే గది తలుపుకి పిన్నుతో గుచ్చుతాడు. అంతకు ముందు ఎవరికీ తెలియదు, అక్కకి కూడా. తన పేరు లేదని తెలిసేటప్పుడు మనిషి పక్కన తనవాళ్లు ఉండాలిరా, భుజం మీద చెయ్యి వేసేవాడు ఒకడైనా ఉండాలి, అంటాడు. పందొమ్మిదేళ్లలో ఆ తలుపు రెండుసార్లు మారింది. పద్ధతి మారలేదు.

ఐసు ఫ్యాక్టరీ ఆయన ఛైర్మన్‌గా వచ్చి మూడేళ్లు. నేనేమీ ఆయన్ని చెడ్డవాడనను. ఎండలో మాడుతున్న జనం మీద కప్పు వేయించింది ఆయనే, ఆటగాళ్ల స్నానాల గదికి వేడినీళ్లు తెచ్చింది ఆయనే. కాకపోతే మనిషికి తన సొమ్ములో రేపేం జరుగుతుందో ఇవాళే తెలియాలి. ఫ్యాక్టరీలో ఏ దిమ్మ ఏ బండిలో వెళ్తుందో నాకు తెలుసండీ, నా జట్టులో ఎవడు ఆడతాడో మాత్రం టీకొట్టువాడితో పాటు తెలుసుకోవాలా, అన్నాడు ఒకసారి మీటింగులో. న్యాయంగానే ఉంది. శుక్రవారం సాయంత్రం ఏడింటికల్లా జాబితా ఛైర్మన్‌కి చెప్పాలని తీర్మానం చేశారు. బావ చేత ఒప్పించే పని నా మీద పెట్టారు. వెళ్లాను. వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. విన్నాడు. ఈనె తీసి పక్కన పెట్టాడు. ఆ మాట ఇంకోసారి ఈ గుమ్మంలో అనకు, అన్నాడు. అంతే. కాఫీ తాగి వెళ్లు, అని కూడా అన్నాడు.

క్లబ్బుకి తిరిగి నడిచి వచ్చిన ఆ ఇరవై నిమిషాలే నా కొంప ముంచాయి. మా వ్యాపారంలో ఒక కిటుకు ఉంది. మిల్లువాడు ధర దిగడు, కొనేవాడు ఎక్కడు. మధ్యలో ఉన్నవాడు మిల్లువాడితో, వాళ్లు ఒప్పుకున్నారు అంటాడు, కొనేవాడితో, వీళ్లు ఒప్పుకున్నారు అంటాడు. సరుకు బండి దిగేసరికి ఇద్దరూ తామే గెలిచామనుకుని ఇంటికి పోతారు. ఇలాంటివి ఎన్ని చక్కబెట్టానో. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఒప్పుకున్నారండీ, అన్నాను ఛైర్మన్‌తో. కాకపోతే ఆయనకి ఫోన్లో మాట్లాడటం ఇష్టం ఉండదు, పేర్లు నాకు చెప్తారు, నేను మీకు చెప్తాను. ఈ సంగతి ఆయన దగ్గర ఎత్తకండి, ముక్కు మీద కోపం మనిషి. అదెంత భాగ్యమండీ, అన్నాడు ఛైర్మన్, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. సరుకు లేకుండా బేరం చేశాను. తాళ్ల బేరంలో అలా ఎన్నడూ చేయలేదు.

మరి సరుకు ఎక్కణ్ణుంచి తేవాలి? గురువారం, శుక్రవారం సాయంత్రాలు దుకాణం గుమాస్తాకి అప్పగించి, మైదానంలో పైమెట్టు మీద కూర్చునేవాణ్ణి. బావ ఎవరి మీద అరుస్తాడో చూసేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా చూస్తున్న మనిషి, నాకు తెలుసు, ఎవర్ని తిడతాడో వాడు ఆడతాడు. ఎవరి పక్కన నడుస్తూ మెల్లగా మాట్లాడతాడో, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతాడో, వాడి పని అయిపోయినట్టే. ఏడింటికి ఛైర్మన్‌కి ఫోన్ చేసి పదకొండు పేర్లు చెప్పేవాణ్ణి. అవతల పెన్సిలు కాగితం మీద నడిచే చప్పుడు వినిపించేది. శనివారం పదింటికి గుండె చేత్తో పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లి చూసేవాణ్ణి. పదకొండుకి పదకొండు. రెండేళ్లు. ఆ పొట్టివాడెందుకండీ, తీసేయమని చెప్పండి, అనేవాడు ఛైర్మన్ ఒక్కోసారి. చెప్తానండీ, అనేవాణ్ణి, చెప్పేవాణ్ణి కాదు. రెండు వారాలకి ఆ పొట్టివాడే గోలు కొట్టేవాడు, చూశారా, వాడిలో సరుకుందని నేను ముందే అన్నాను, అనేవాడు ఛైర్మన్. అవునండీ, అనేవాణ్ణి. ఇప్పుడు ఈ బెంచీ మీద దాచుకోవడం ఎందుకు, నాకు అది బాగుండేది. రేపు జనం ఏం అడుగుతారో ఇవాళే తెలియడం కన్నా వర్తకుడికి సుఖం ఏముంది. పైమెట్టు మీద పొద్దు వాలుతుంటే, కింద బావ గొంతు, బంతి తగిలే చప్పుడు, నేను ఒక్కో పేరూ మనసులో వేసుకుంటూ. శనివారం ఆ ముదురు కాగితం మీద ఆయన రాత చూస్తుంటే, ఇద్దరం కలిసి రాసినట్టు ఉండేది. మళ్లీ ఒక మూల ఆయన, ఒక మూల నేను పట్టుకున్నట్టు ఉండేది. ఆయనకి తెలియదు, అంతే తేడా.

లోపల గొంతులు ఆగిపోయాయి. ఆ ఒక్క నీడ కదలడం లేదు.

తొమ్మిదో నంబరు దగ్గర దెబ్బ తిన్నాను. ఈ ఏడు ఛైర్మన్ ఎక్కడినుంచో ఒక ముందువరస ఆటగాణ్ణి తెచ్చాడు. పరిగెత్తితే పట్టలేం, జనం వాణ్ణి గుర్రం అంటారు. పోయిన గురువారం, శుక్రవారం బావ గుర్రాన్ని తిట్టిన తిట్లు మైదానం బయటికి వినిపించాయి. ఇంకేం, తొమ్మిదో పేరు గుర్రం అని ఏడింటికి చెప్పేశాను. ఛైర్మన్ ఆ మాట నమ్ముకుని, రేపు మావాణ్ణి చూద్దురుగాని రండి అని, జట్టు చొక్కాల మీద తమ కంపెనీ పేరు వేయించుకోవాలనుకునే పెద్దమనుషుల్ని పిలిచాడు. శనివారం తలుపు మీద తొమ్మిదో పేరు తాత. తాత అంటే ముప్పై ఆరేళ్ల మనిషి, జట్టులో అందరికన్నా పెద్ద, మోకాలికి పట్టీ లేకుండా మెట్లు దిగడు. గుర్రం పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కున్నాడు. పెద్దమనుషులు మధ్యలోనే లేచి వెళ్లారు. మ్యాచ్ గెలిచాం. ఓడి ఉంటే బాగుండేది. ఓడితే కోపం వస్తుంది, ఆదివారానికి తగ్గుతుంది. గెలిస్తే అవమానం ఒక్కటే మిగులుతుంది, దానికి తగ్గడం ఉండదు. నేను ఎక్కడ తప్పానో అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. నేను చూసింది పదేళ్ల కిందటి బావనేమో. ఈ మధ్య ఆయన పక్కన పెట్టబోయేవాళ్ల మీద కూడా అరుస్తున్నాడేమో. మనిషి మారుతుంటే పాత తూకంరాళ్లు పెట్టి తూచాను.

ఇవాళ పొద్దున దుకాణం తెరుస్తుండగానే అక్క వచ్చింది. కూర్చోలేదు. ఏరా, మీ బావ ఆ ఐసుముక్కకి పేర్లు చెప్పాడంటున్నారు, నాకే చెప్పని మనిషి వాడికి చెప్తాడా, అంది. నేను తాడు చుట్టలు సర్దుతున్నాను. మీ బావని అడిగితే, వెళ్లి వాళ్లనే అడుగుతాను, ఏ పేర్లో ఏమిటో అంటాడు. భయమేమీ లేదులే, నువ్వున్నావుగా లోపల, చూసుకో. తలూపాను. అలా ఊపకు, నోటితో చెప్పు, అంది. చూసుకుంటాను అక్కా, అన్నాను. వెళ్తూ వెళ్తూ, ఆ చుట్ట తలకిందులుగా పెట్టావు, అంది. పెట్టాను నిజంగానే.

చూసుకోవడమంటే ఏమిటి? లోపలికి పిలిస్తే, అవునండీ ఆయనే చెప్పారు అంటే బావ అబద్ధాలకోరు. లేదండీ నేనే కల్పించాను అంటే నా కుర్చీ పోతుంది. అది పోనీ. ఈ ఊళ్లో నా మాట మీద సరుకు దింపేవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లందరికీ రేపు పొద్దున్నే తెలుస్తుంది, వీడు లేని మాట ఉన్నట్టు చెప్తాడని. నాన్న నాకిచ్చిన దుకాణం గోడలు కాదు, ఆ మాట. ఇంకోటి కూడా ఉంది, దాని దగ్గరికి మనసు వెళ్లి వెళ్లి వెనక్కి వస్తోంది. రెండేళ్లుగా నేను ఆయన వెనక కూర్చుని ఆయన్ని చదువుతూ అమ్ముకున్నానని బావకి తెలుస్తుంది. ఎటు తూచినా నష్టమే, ఏది తక్కువో తేలడం లేదు. ఏమీ చెప్పకుండా గంట గడిచిపోతే చాలని, గడియారం వైపు చూడకుండా, గడ్డి యంత్రం ఎన్ని వరసలు తిరిగిందో వింటూ కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ప్లీడరు. వెనక తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.

“అయిపోయిందండీ. మిమ్మల్ని అడగాల్సిన పనే లేకుండా పోయింది.”

“ఏమైంది?”

“ఒప్పుకున్నారు. మొదట, ఏం పేర్లు, ఎవరు చెప్పారు అన్నారు. మీ ఫోన్ల సంగతి చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అవును, నేనే పంపాను, పొద్దున మార్చాను అన్నారు. సంతకం పెడుతున్నారు. మీరింక ఇంటికి వెళ్లొచ్చు. మీ పరిస్థితి మేం అర్థం చేసుకోగలం లెండి.”

ఇంతకన్నా సుఖంగా ఏ బేరమూ నాకు తేలలేదు. కుర్చీ ఉంది, పేరు ఉంది, నోరు తెరవాల్సిన పని కూడా లేదు. బావకి అబద్ధం చెప్పడం రాదు. మా పిల్లల చిన్నప్పుడు వాళ్లతో పేకాడుతూ మంచి ముక్క వస్తే మొహం వెలిగిపోయి ఓడిపోయేవాడు. ఆ మనిషి ఆరుగురి ముందు కూర్చుని, చాలాసేపు మాట్లాడకుండా, ఆ చాలాసేపట్లో నా పేరు దాకా చేరుకుని, దాన్ని పక్కకి జరిపి, తన పేరు పెట్టాడు. ఇంటికి వెళ్లడానికే లేచాను. మెట్లు ఎడమ వైపు. తలుపు ఎదురుగా ఉంది.

“నువ్వెందుకొచ్చావు లోపలికి? బయట ఉండమన్నారుగా,” అన్నాడు బావ. చేతిలో కలం ఉంది.

“అది కింద పెట్టు బావా.” ఛైర్మన్ వైపు తిరిగాను. “ఆ పేర్లు ఆయన చెప్పినవి కావండీ. రెండేళ్లలో ఒక్కటీ ఆయన చెప్పింది కాదు. ఒప్పుకున్నారని మీకు చెప్పింది నేను. ఆయన ఒప్పుకోలేదు. ప్రతి శుక్రవారం పైమెట్టు మీద కూర్చుని ఊహించి చెప్పాను.”

“వీడు నన్ను కాపాడుదామని ఏదో అంటున్నాడు,” అన్నాడు బావ. ఎవరూ నమ్మలేదు. ఆయన మొహం చూస్తే నేను కూడా నమ్మేవాణ్ణి కాదు.

ఛైర్మన్ ఏమీ అరవలేదు. సొరుగు తీసి ఒక నోటుపుస్తకం బయట పెట్టాడు, మూసే ఉంచాడు. “అన్నీ రాసుకున్నానండీ,” అన్నాడు. “శుక్రవారం ఏడింటికల్లా అన్నీ వదిలేసి ఫోన్ పక్కన కూర్చునేవాణ్ణి. ఇన్నాళ్లకి ఆటలో నాకూ ఏదో తెలుస్తోందనుకున్నాను.” నోటుపుస్తకం పక్కకి జరిపి బావ వైపు చూశాడు. “పోనీ, ఇకనుంచైనా మీరు చెప్తారా?”

“చెప్పనండీ.”

“అయితే మనకి కుదరదు.”

“కుదరదండీ,” అన్నాడు బావ, చాలా మర్యాదగా.

ప్లీడరు ఆ కాగితం చింపి ఇంకోటి రాశాడు. అభిప్రాయాలు కలవక విడిపోతున్నారని రాశాడు, అందులో మోసం అన్న మాట లేదు. బావ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. మీ విషయం కూడా, అని ఛైర్మన్ నా వైపు తిరగబోతే, తెలుసండీ, అని అదే కట్టలోంచి ఇంకో తెల్లకాగితం తీసుకుని నాది నేనే రాసిచ్చాను.

బావ ముందు, నేను వెనక మెట్లు దిగాం. సగం దిగాక ఆగాడు. నేను రెండు మెట్లు పైన ఆగాను.

“రెండేళ్లా?”

“ఆ.”

“ఎన్ని తప్పావు?”

“ఒక్కటే బావా. తొమ్మిదో నంబరు.”

కమ్మీ మీద చెయ్యి పెట్టి కాసేపు మైదానం వైపు చూశాడు. “శనివారం తొమ్మిదిన్నర దాకా నా మనసులో అక్కడ గుర్రం పేరే ఉంది. గది తలుపు తీసేసరికి తాత ఒక్కడే కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. ఆడనని, ఎవరూ చెప్పకపోయినా, వాడికి తెలుసు. అయినా పెట్టుకుంటున్నాడు.” మళ్లీ దిగడం మొదలుపెట్టాడు. “శుక్రవారం ఏడింటికి నువ్వు చెప్పింది సరిగ్గానే ఉందిరా.”

నేను కదల్లేదు. కింది మెట్టు మీదికి చేరాక వెనక్కి చూశాడు.

“రా. మీ అక్కకి ఇదంతా నువ్వే చెప్పాలి. నేను పక్కన ఉంటాను.”